ప్రేమకథకు రెండుంబావు: ఇంట్లో చూసే సినిమా సమీక్షలో ఆ అంకె ఏం చెబుతోంది?

2022 జూన్ 10న ‘అంటే సుందరానికీ’ థియేటర్లకు వచ్చినప్పుడు ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు నిడివి గురించే. దాదాపు మూడు గంటల సినిమా, ఫస్టాఫ్ సాగిందని, ఇంకాస్త కత్తెర వేయాల్సిందని చాలామంది అన్నారు. నెల తిరిగేసరికి, జూలై 10న, అదే సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇంట్లో చూసినవాళ్లలో చాలామంది ‘ఇంత బాగున్న సినిమా అక్కడెందుకు ఆడలేదు’ అని అడగడం మొదలుపెట్టారు. ‘ఆరెంజ్’ సంగతైతే ఇంకా దూరం వెళ్లింది. 2010 నవంబరులో వచ్చి దెబ్బతిన్న ఆ సినిమా టీవీల్లో, ఫోన్లలో, పాటల్లో మెల్లగా బతుకుతూ వచ్చి, 2023లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నింపింది.

ఇలాంటప్పుడు జనం రెండు వర్గాలవుతారు. అప్పటి సమీక్షకులకు సినిమా అర్థం కాలేదని కొందరంటారు. సోఫాలో పడుకుని ఊరికే చూస్తే ఏదైనా బాగానే ఉంటుందని ఇంకొందరంటారు. నా ఉద్దేశంలో రెండూ పూర్తి నిజం కావు. థియేటర్ సమీక్ష ఒక ప్రశ్నకు జవాబు, ఇంట్లో చూసే సినిమా సమీక్ష వేరే ప్రశ్నకు జవాబు. చివర్న వేసే అంకె మాత్రం రెండింటికీ ఒకేలా కనిపిస్తుంది. ప్రేమకథల దగ్గర ఈ తికమక మరీ ఎక్కువ. ఎందుకో మొదటినుంచి చూద్దాం.

‘రొమాంటిక్’ అంటే మనకొకటి, యాప్‌కొకటి

గొడవ పేరు దగ్గరే మొదలవుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లో ‘రొమాంటిక్’ అనే వరుసకు అర్థం ప్రేమే ప్రధానంగా నడిచే కథలని. మన వాడుకలో ఆ మాటకు ఇంకో రంగు ఉంది. ‘రొమాంటిక్ సినిమా అంట’ అని ఎవరైనా అంటే, ముద్దు సీన్లు కాస్త ఎక్కువేనని సగంమంది అనుకుంటారు. అందుకే మనం ‘లవ్ స్టోరీ’ అంటాం, పెద్దవాళ్లు ‘ప్రేమకథ’ అంటారు. యాప్ పెట్టిన పేరును అలాగే దించేసిన సమీక్షను చదివి, పిల్లలతో చూడాల్సిన తేటైన సినిమాను పక్కన పెట్టేసిన ఇళ్లు నాకు తెలుసు.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. 2022 జూలైలో ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘మోడర్న్ లవ్ హైదరాబాద్’ పేరులోనే లవ్ ఉంది. కానీ అందులో రేవతి, నిత్యా మేనన్ నటించిన ఎపిసోడ్ తల్లీకూతుళ్ల కథ. లాక్‌డౌన్‌లో ఒకే ఇంట్లో ఇరుక్కుపోయిన ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మధ్య ఏళ్లుగా పేరుకుపోయిన మౌనం. జంట కోసం కూర్చున్నవాడికి అది నిరాశే. ఏమీ అనుకోకుండా కూర్చున్నవాడికి బహుశా అన్నిట్లోకీ బాగా గుర్తుండేది అదే.

అదే సిరీస్‌తో ఇంకో చిక్కు వచ్చింది. ఆరు ఎపిసోడ్లు, నలుగురు దర్శకులు. ఇలాంటి కథల సంపుటికి ఒక్క రేటింగ్ ఎలా ఇస్తారు? ఒక సంపుటికి సమీక్షకుడు వరుసగా 4, 2, 3, 2, 4, 3 వేశాడనుకుందాం. కూడితే 18, ఆరుతో భాగిస్తే 3. ‘ఫర్వాలేదు’ అని చదువరి వదిలేస్తాడు. నిజానికి అందులో రెండు తప్పక చూడాల్సినవి, రెండు వదిలేసినా నష్టం లేనివి. ఇంట్లో రిమోట్ చేతిలో ఉన్నవాడికి కావలసింది ఆ సంగతి. సగటు వేయగానే అది మాయమైపోయింది.

టికెట్ కొన్నవాడికి, రిమోట్ పట్టుకున్నవాడికి

తెలుగు సమీక్ష థియేటర్ కోసం పుట్టింది. ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, తీర్పు, రేటింగ్ అన్న అచ్చు ఉందే, అది శుక్రవారం పొద్దున ‘వెళ్లొచ్చా?’ అని అడిగేవాడికి చెప్పే జవాబు. నలుగురు వెళ్తే టికెట్లు, పార్కింగు, పాప్‌కార్న్ కలిపి జేబుకు గట్టిగానే తగులుతుంది. మధ్యలో లేచి రాలేం. కాబట్టి అక్కడ ‘ల్యాగ్’ అనేది నిజంగానే పెద్ద నేరం.

ఇంట్లో సినిమా డబ్బు చందాలో ముందే పోయింది. ఖర్చయ్యేది సాయంత్రం, ఓపిక, ఇంట్లోవాళ్లతో రిమోట్ కోసం చేసే బేరం. నచ్చకపోతే ఆపేయొచ్చు, మర్నాడు అక్కడినుంచే చూడొచ్చు. మూడు గంటల ప్రేమకథను రెండు రాత్రులుగా చూసినవాడికి ఫస్టాఫ్ సాగినట్టు అనిపించదు, ఎందుకంటే అతని ఇంటర్వెల్ అతనే వేసుకున్నాడు. అయితే థియేటర్‌లో లేని బెడద ఇంట్లో ఉంది, అది ఫోన్. చీకటి హాల్లో నాయిక కళ్లలో కదిలిన చిన్న అనుమానాన్ని పట్టుకోగలిగినవాడు, ఇంట్లో సరిగ్గా అదే క్షణంలో వాట్సాప్ చూస్తుంటాడు. మాటలతో నడిచే ప్రేమకథ ఇంట్లో బాగా నిలుస్తుంది, చూపులతో నడిచేది నష్టపోతుంది. ‘కెమిస్ట్రీ కుదరలేదు’ అని రాసిన ప్రతి సమీక్షకుడూ తెర వైపే చూస్తున్నాడని నాకు నమ్మకం లేదు.

నేరుగా ఓటీటీకి వచ్చిన సినిమాలతో ఇంకో తేడా ఉంది. థియేటర్ సినిమా సమీక్షను మూడు రోజుల్లో కలెక్షన్లు పరీక్షకు పెడతాయి. ‘కలర్ ఫోటో’కు అలాంటి పరీక్ష లేదు. 2020 అక్టోబరు 23న ఆహాలో వచ్చింది. తొంభైల నాటి మచిలీపట్నం, నల్లటి కుర్రాడు, తెల్లటి అమ్మాయి, రంగు గురించి లోకం వేసే లెక్కలు. ఓపెనింగ్స్ లేవు, హౌస్‌ఫుల్ బోర్డుల్లేవు. ఎంతమంది చూశారో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. అప్పుడు సమీక్ష, నోటిమాట తప్ప కొలబద్ద లేదు. 2022లో ప్రకటించిన 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికయ్యేదాకా, ఆ సినిమా ‘హిట్టా, ఫ్లాపా’ అన్న మామూలు ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబే లేదు.

ఒక్క అంకెలో ఇరుక్కున్న నాలుగు ప్రశ్నలు

ఇంట్లో చూసే ప్రేమకథ మీద రాసే సమీక్ష కనీసం నాలుగు వేర్వేరు విషయాలు తేలుస్తుంది. తీసిన పనితనం ఎలా ఉంది? ఆ ఇద్దరూ ప్రేమలో పడ్డారంటే నమ్మామా? ఎవరితో కలిసి చూడొచ్చు? ఈ సాయంత్రాన్ని దీనికి ఇవ్వొచ్చా?

ఒక సినిమా ఊహించుకుందాం. కెమెరా, సంగీతం చక్కగా కుదిరాయి, పనితనానికి మూడున్నర. కానీ నాయిక అతన్ని ఎందుకు ప్రేమించిందో చివరిదాకా తెలియదు, నమ్మకానికి ఒకటిన్నర. ఇబ్బంది పెట్టే దృశ్యాల్లేవు, ఇంటిల్లిపాదీ చూడొచ్చు, నాలుగు. వానపడే ఆదివారం మధ్యాహ్నానికి సరిపోతుంది, మూడు. పనితనానికి పెద్దపీట వేసే సమీక్షకుడు దీనికి మూడు ఇస్తాడు. ప్రేమను నమ్మించలేకపోతే మిగతాదంతా అలంకారమే అనుకునేవాడు రెండు ఇస్తాడు. ఇద్దరూ చూసింది ఒకటే, గమనించింది కూడా ఒకటే. తేడా ఎక్కడంటే ఏ ప్రశ్నకు ఎంత బరువు వేశారన్న దగ్గర. దాన్ని ఎవరూ రాయరు.

థ్రిల్లర్‌లో రెండో ప్రశ్న అంతగా బాధించదు. హంతకుడి మీద నమ్మకం కుదరకపోయినా ‘తర్వాతేంటి’ అన్న ఆత్రం లాక్కుపోతుంది. ప్రేమకథలో ఆ ఆత్రం తక్కువ. ఇద్దరూ కలుస్తారనో విడిపోతారనో పోస్టర్ చూసినప్పుడే సగం తెలిసిపోతుంది. అందుకే ఇక్కడ స్పాయిలర్ కూడా విచిత్రంగా ఉంటుంది. ‘గుండె బరువెక్కే ముగింపు’ అని రాస్తే అది హెచ్చరిక, అదే స్పాయిలర్ కూడా. ఏడుపు సినిమా చూసే ఓపిక లేని రోజున ఆ మాట ముందే తెలిస్తే మేలనుకునేవాళ్లు ఉన్నారు, దాన్ని చెప్పినందుకు సమీక్షకుణ్ని తిట్టేవాళ్లూ ఉన్నారు.

వంద శాతం అంటే నూటికి నూరు మార్కులు కాదు

సమీక్షల అంకెలు చాలవన్నట్టు, వాటి పక్కన ఇంకొన్ని అంకెలు వచ్చి చేరాయి. విమర్శకుల సమీక్షలను పోగేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతాన్ని చాలామంది మార్కులనుకుంటారు. అది ఎంతమంది విమర్శకులు మొత్తం మీద ‘బాగుంది’ వైపు మొగ్గారో చెప్పే లెక్క. యాభై మంది సమీక్షకులు ఒక ప్రేమకథకు తలా పదికి ఆరు వేసి ‘ఓసారి చూడొచ్చు’ అన్నారనుకుందాం. అందరూ మెచ్చినట్టే లెక్క కనుక 100 శాతం. ఇంకో సినిమాకు ముప్పయి ఐదు మంది పదికి తొమ్మిది వేసి, పదిహేను మంది మూడు వేశారు. దాని శాతం 70. ఎవరికీ కోపం తెప్పించని సినిమాకు వంద, కొందరి ప్రాణం లాగేసిన సినిమాకు డెబ్బై. ప్రేమకథలు తరచుగా రెండో రకం.

ఇక ‘ట్రెండింగ్‌లో నంబర్ వన్’. చూడటం అంటే ఏమిటో నెట్‌ఫ్లిక్సే చాలాసార్లు మార్చుకుంది. ఒకప్పుడు సినిమాలో 70 శాతం చూస్తేనే ఒక వీక్షణ. 2020 మొదట్లో రెండు నిమిషాలు చూసినా చాలంది. 2021 నవంబరు నుంచి చూసిన గంటలు ప్రకటించడం మొదలుపెట్టింది. 2023 జూన్ నుంచి ఆ గంటలను నిడివితో భాగించి వచ్చినదాన్ని వీక్షణలంటోంది.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండున్నర గంటల ప్రేమ సినిమాను జనం మొత్తం 50 లక్షల గంటలు చూశారనుకుందాం. భాగిస్తే 20 లక్షల వీక్షణలు. ఆరు గంటల సిరీస్‌ను 90 లక్షల గంటలు చూశారు. 15 లక్షల వీక్షణలు. గంటల్లో సిరీస్ ముందుంది, వీక్షణల్లో సినిమా ముందుంది. పైగా ఒకరు ఇంటర్వెల్ దగ్గర విసిగి ఆపేసినా, ఇంకొకరు సెకండాఫ్ నుంచి చూసినా, ఇద్దరూ కలిపి ఒక వీక్షణ అవుతారు. నచ్చిందా లేదా అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. నచ్చింది చెప్పడానికి ఉన్న నక్షత్రాలను నెట్‌ఫ్లిక్స్ 2017లోనే తీసేసి బొటనవేలు పెట్టింది. అది చాలక 2022లో రెండు బొటనవేళ్లు తెచ్చింది. మన రెండుంబావు, రెండుముప్పావు ఇంతకంటే సూక్ష్మమని ఒప్పుకోవాలి.

అర్ధరాత్రి చూసి పొద్దున రాసే తీర్పు

సిరీస్‌ల సమీక్షలో పాఠకుడికి కనిపించని వంటిల్లు ఒకటుంది. కొన్ని సంస్థలు విమర్శకులకు ముందుగానే లింకు పంపిస్తాయి, ఫలానా సమయం దాకా సమీక్ష బయటపెట్టకూడదన్న షరతుతో. కొన్నిసార్లు మొత్తం సిరీస్ కాకుండా మొదటి రెండుమూడు ఎపిసోడ్లే పంపిస్తారు. ముగింపు మీదే సగం బరువుండే ప్రేమకథను మొదటి మూడో వంతు చూసి తూచడమంటే, నిశ్చితార్థానికి వెళ్లొచ్చి కాపురం గురించి చెప్పడమే.

లింకు రానివాళ్లకు ఇంకో కష్టం. అర్ధరాత్రి పన్నెండుకు స్ట్రీమింగ్ మొదలైతే పొద్దున ఏడింటికి సమీక్ష పడాలి. నలభై నిమిషాల ఎపిసోడ్లు ఎనిమిది అంటే 320 నిమిషాలు, అంటే ఐదు గంటల ఇరవై నిమిషాలు. రాయడానికి, సర్దడానికి టైమేదీ? అందుకని వేగం ఒకటిన్నర రెట్లు పెడతారు. 213 నిమిషాల్లో అయిపోతుంది. నేనూ ఓసారి ఆ పని చేశాను, తర్వాత మామూలు వేగంలో చూసి సిగ్గుపడ్డాను. గొడవపడ్డ భార్యాభర్తలు ఆటోలో పక్కపక్కన కూర్చుని ఆరు సెకన్లు ఏమీ మాట్లాడరు. నేను చూసింది నాలుగు సెకన్లు. ఆ పోయిన రెండు సెకన్లలోనే ఆమె అతని చొక్కా గుండీ ఊడిపోయి ఉండటం గమనిస్తుంది. ‘వీళ్ల మధ్య బంధం పండలేదు’ అని నేనప్పటికే రాసేశాను.

నిదానంగా నడిచే ప్రేమకథలకు ఈ తొందర ప్రత్యేకంగా చెరుపు చేస్తుంది. పదహారు ఎపిసోడ్ల కొరియన్ సీరియల్‌లో మొదటి నాలుగూ అంకురమే. అక్కడ ఏమీ జరగనట్టు కనిపించేది పదో ఎపిసోడ్‌లో రాబోయే ఫలానికి పెట్టుబడి. అలాగని ఓపికపట్టిన ప్రతిదీ పండుతుందనీ కాదు. ‘ఐదో ఎపిసోడ్ నుంచి బాగుంటుంది’ అన్న మాటను ఎదుటివాళ్లు అనుమానించడం న్యాయమే. నాలుగు గంటలు చూశాక బాగోలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం.

హీరో వెంటపడితే సమీక్షలో ఏం రాయాలి

అన్నిటికంటే వేడి వాదన ఇది. బస్టాప్ దగ్గర అమ్మాయి. రోజూ వచ్చి నిలబడే అబ్బాయి. ఆమె వద్దంటుంది. మర్నాడూ వస్తాడు. పాట మొదలవుతుంది. రెండో చరణానికల్లా ఆమె నవ్వుతుంది.

ఇందులో తప్పేముంది, సినిమా జీవితాన్ని చూపిస్తోంది, సమీక్షకుడి పని కళను చూడటం, సంస్కారం నేర్పడం కాదు అని ఒక పక్షం. ఈ పక్షానికి బలమైన వాదనే ఉంది. పాత్రలన్నీ మంచివాళ్లే కావాలంటే కథలుండవు. తప్పుచేసే ప్రేమికుడి మీద గొప్ప సినిమాలు రావచ్చు. రెండో పక్షం వేరే చోటు చూపిస్తుంది. స్పష్టంగా వద్దన్నా ఆమె వెంటపడటం 2013 చట్ట సవరణతో ఐపీసీ 354డి కింద నేరమైంది, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. దాన్నే వయొలిన్లతో తీపి చేసి చూపిస్తే ఆ సంగతి గుర్తించడం కూడా విమర్శలో భాగమేనని వాళ్లంటారు.

ఇద్దరూ కలిసే చోటు ఒకటుందని నాకనిపిస్తుంది. చూపించడానికి, మెచ్చుకోవడానికి తేడా ఎక్కడుందో పనితనంలోనే వెతకొచ్చు. ఆమె ‘వద్దు’ అన్నప్పుడు కెమెరా ఎవరి ముఖం మీద ఉంది? సంగీతం ఎవరి గుండెకొట్టుకోవడాన్ని వినిపిస్తోంది? ఆమె మనసు మారడానికి కథలో కారణముందా, లేక పాట పూర్తయిందన్నదే కారణమా? ఇవి నీతి ప్రశ్నలు కావు, స్క్రీన్‌ప్లే ప్రశ్నలు. ‘నాయిక ఎందుకు ప్రేమించిందో తెలియలేదు’ అన్న మైనస్ పాయింటూ, ‘ఇది వేధింపును ప్రేమగా చూపింది’ అన్న ఆరోపణా చాలాసార్లు ఒకే లోపానికి రెండు పేర్లు.

ఇంట్లో చూడటం వల్ల ఈ వాదన ఇంకా ముదిరింది. యాప్‌లో ఇరవై ఏళ్ల కిందటి సినిమా పోస్టరు, మొన్నటి సినిమా పోస్టరు ఒకే వరుసలో పక్కపక్కనే ఉంటాయి. అమ్మ కాలేజీ రోజుల్లో మురిసిపోయిన హీరోను కూతురు చూసి ‘వీడేంటమ్మా, పోలీసులకు చెప్పరా?’ అంటుంది.

‘ఫ్యామిలీతో చూడొచ్చా?’

సమీక్షల కింద ఎక్కువగా కనిపించే ప్రశ్న ఇదే. సెన్సార్ అని మనం పిలిచే ధ్రువీకరణ థియేటర్ ప్రదర్శనకు సంబంధించింది. నేరుగా స్ట్రీమింగ్‌కు వచ్చేవాటికి అది వర్తించదు. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం సంస్థలే యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అని వర్గీకరించి, అందులో భాష, హింస, శృంగారం వంటివి ఏమున్నాయో మొదట్లోనే చూపించాలి. తెర పైమూలన కనబడి మాయమయ్యే ఆ చిన్న అక్షరాలు అవే. చాలామంది అప్పటికి ఇంకా మంచినీళ్లు తెచ్చుకుంటూ ఉంటారు.

ఆ ముద్ర వయసు చెబుతుంది, ఇబ్బంది చెప్పదు. పద్దెనిమిదేళ్ల కొడుకు, యాభై ఏళ్ల తండ్రి ఇద్దరూ చట్టప్రకారం ఏదైనా చూడొచ్చు. కలిసి చూడటమే సమస్య. సమీక్షలో దాన్ని చెప్పాలా అంటే, అలా చెబితే విమర్శ శీల ధ్రువపత్రమవుతుందని కొందరు, చెప్పకపోతే పాఠకుడికి పనికిరాదని కొందరు. ఒక వాక్యంలో ‘రెండు దృశ్యాలున్నాయి’ అని రాసి, మార్కులు మాత్రం కోయకుండా ఉండటం ఇద్దరికీ సరిపోయే పద్ధతి. మన దగ్గర ఆ వాక్యం రాసినవాళ్లు తరచుగా అర మార్కు కూడా తీసేస్తారు.

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిన చోటు

డబ్బింగ్‌ను సమీక్షల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు: ‘తెలుగు డబ్బింగ్ బాగుంది’, లేదా ‘అతకలేదు’. ప్రేమకథల విషయంలో అది పెద్ద పొరపాటు. కొరియన్ భాషలో మర్యాద మాట వేరు, చనువు మాట వేరు. ఒకరినొకరు మర్యాదగా పిలుచుకునే ఇద్దరిలో ఒకరు చనువు మాటలోకి దిగడమే కొన్నిసార్లు ముద్దుకంటే పెద్ద మలుపు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో రెండూ ‘యూ’ అయిపోతాయి, మలుపు కనబడకుండా పోతుంది. మన దగ్గర ‘మీరు’, ‘నువ్వు’ సిద్ధంగా ఉన్నాయి. అనువాదకుడు మెలకువగా ఉంటే ఆ క్షణం తెలుగులో చెక్కుచెదరకుండా వస్తుంది. మొదటి ఎపిసోడ్ నుంచే ‘నువ్వు’ వాడేస్తే అంతే సంగతులు.

అలాంటి ఒక సీరియల్‌ను మా ఇంట్లో తెలుగు డబ్బింగ్‌లో పెట్టుకున్నాం. ఏడో ఎపిసోడ్ మీద ఒక సమీక్ష ముందే చదివున్నాను. ‘కథ అంగుళం కూడా కదల్లేదు’ అని ఉంది అందులో. అమ్మ కింద కూర్చుని పేపర్ మీద గోరుచిక్కుళ్లు పోసుకుని ఈనెలు తీస్తోంది. తెర మీద ఇద్దరూ సూప్ తాగుతున్నారు. ఆరు ఎపిసోడ్లుగా ‘మీరు తిన్నారా’ అని అడిగే అమ్మాయి, గిన్నె అతని వైపు జరిపి, తల ఎత్తకుండా, ‘నువ్వు తిన్నావా?’ అంది.

అమ్మ చేతిలోని చిక్కుడుకాయ అలాగే పట్టుకుని తెర వైపు చూసింది.

“ఇంకేముంది, పడిపోయింది పిల్ల.”